ఊక బూడిద ముప్పై పాళ్ళు: మా మాస్టారి తెల్ల గ్లేజు మీద ఒక కేస్ స్టడీ

జాడీని తువ్వాల్లో చుట్టి, బైకు ట్యాంకు మీద పెట్టుకొని ఒంగోలు నుంచి తెచ్చాడా అబ్బాయి. కాఫీ షాపు పెడుతున్నాడట. ముప్పై ఏళ్ళకు పైగా వాళ్ళ నాయనమ్మ ఆవకాయ పెడుతున్న జాడీ అది. "కప్పులు ఇదే రంగులో కావాలక్కా, రెండొందల నలభై" అన్నాడు.

జాడీ తిప్పి అడుగు చూశాను. చూడక్కర్లేదు నిజానికి. భుజం దగ్గర మీగడ కట్టినట్టు పేరుకున్న ఆ తెలుపును చూడగానే తెలిసిపోయింది. అంచు మీద పలచబడి ఇటుక రంగు బయటికి కనిపిస్తోంది. మందంగా ఉన్నచోట, వెలుతురులో పెడితే లేత నీలం. అడుగున గ్లేజు, అంటే గాజు పూత, పూయని చోట ఒక చేప గీత, మా మాస్టారి గుర్తు. ఇన్నేళ్ళు ఉప్పు, కారం, పులుపు, నూనె తిన్నా ఒంటి మీద వెంట్రుకంత పగులు లేదు. మూత మాత్రం లేదు.

నేను నెల్లూరు దగ్గర ఒక చిన్న స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి కాల్చే గట్టి మట్టి సామాను) వర్క్‌షాపు నడుపుతున్నాను. రెండు సారెలు, ఒక గ్యాస్ బట్టీ, ఒక చిన్న కరెంటు బట్టీ, ఇద్దరు సహాయకులు. మాస్టారి దగ్గర నాలుగేళ్ళు పనిచేశాను. ఈ గ్లేజు నా క్లాసు నోట్సులో ఉంది. అందుకే ఆలోచించకుండా ఒప్పుకున్నాను, అడ్వాన్సు కూడా తీసుకున్నాను. ఆ తర్వాత మూడు నెలలు ఏమైందో, ఈ పనిలో ఉన్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాస్టారి గురించి ముందు కొంత చెప్పాలి. ఆయన పని తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు.

ఆయనది కోవూరు దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. సిరామిక్స్ గూడూరులో చదివారు. ఆ ఊళ్ళో ఇప్పటికీ సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా చెప్పే ప్రభుత్వ విద్యాసంస్థ ఉంది. అక్కడ ఎందుకంటే ముడిసరుకంతా చుట్టుపక్కలే దొరుకుతుంది. సైదాపురం, రాపూరు వైపు అభ్రకం గనులు. అభ్రకం తీసినచోట ఫెల్డ్‌స్పార్ అనే రాయీ, పలుగురాయీ గుట్టలుగా పడి ఉంటాయి. చిల్లకూరు, కోట వైపు గాజు ఫ్యాక్టరీలకు వెళ్ళే తెల్ల ఇసుక. చదువయ్యాక పక్క రాష్ట్రంలో ఒక శానిటరీ సామాను ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు గ్లేజు సెక్షన్‌లో పనిచేసి, అమ్మ మంచాన పడితే తిరిగొచ్చేశారు. ఒక శిక్షణ కేంద్రంలో చాలా ఏళ్ళు చెప్పారు. రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకొని, బట్టీ కట్టుకొని, వచ్చినవాళ్ళకు వచ్చినట్టు నేర్పారు.

ఆయన మొదటి పాఠం మట్టి కాదు, గాజు. కిటికీ అద్దం ముక్క చేతికిచ్చి "అంచు వైపు నుంచి చూడండి" అనేవారు. ఎదురుగా చూస్తే రంగు లేని అద్దం అంచున ఆకుపచ్చగా ఉంటుంది. ఇసుకలో రవ్వంత ఇనుము ఉన్నా వచ్చే రంగు అది. "కుండకు అంటుకున్న గాజునే గ్లేజంటారు. అంతకుమించి అదేం లేదు" అని అక్కడ మొదలుపెట్టేవారు. మన భాషలో గాజన్నా గాజే, చేతికి వేసుకునేదీ గాజే. ఆ మాట పట్టుకొని రెండో వారం పగిలిన గాజుల ముక్కలు తెమ్మనేవారు. వాటిని పళ్ళెంలా పేర్చి, బట్టీలో ఏడొందల ఎనభై డిగ్రీల దగ్గర అతికించేవాళ్ళం. ఎర్రవి, పచ్చవి కలిసి భలే ఉండేవి. మూడో రోజో నాలుగో రోజో, ఎవరూ ముట్టుకోకుండానే, టేబుల్ మీద టప్పుమని రెండుగా విడిపోయేవి.

అప్పుడు కళ్ళద్దాలు తీసేవారు. పోలరాయిడ్ చలవ కళ్ళద్దాలు. కంప్యూటర్ తెరను తెల్లగా పెట్టి, దాని ముందు గాజు ముక్క పట్టుకొని, కళ్ళద్దాలను మెల్లగా తిప్పుతూ చూడాలి. ఒక కోణంలో తెర మొత్తం నల్లబడుతుంది. లోపల ఒత్తిడి లేని గాజైతే అదీ నల్లబడుతుంది. ఒత్తిడి ఉన్నచోట మాత్రం మెరుస్తుంది, ఒక్కోసారి ఇంద్రధనుస్సు రంగుల్లో. ఎర్ర గాజు ముక్కా పచ్చ గాజు ముక్కా కలిసిన గీత వెంబడి మెరుపు కనిపించేది. రెండింటి పాళ్ళు వేరు, చల్లారేటప్పుడు ముడుచుకోవడం వేరు. ఒకటి ఎక్కువ లాగుతుంది, ఇంకొకటి రానంటుంది. పద్దెనిమిదేళ్ళ వయసులో నేనది చూసి, రంగులు బాగున్నాయని ఫొటో తీసుకున్నాను. అంతకంటే ఏమీ ఎక్కించుకోలేదు. ఈ కేసులో నాకు దారి చూపించింది ఆ పాఠమే.

ఊక బూడిద సంగతికొస్తే, నెల్లూరంటే మొలగొలుకులు, నెల్లూరంటే రైసుమిల్లులు. మిల్లు వెనక బాయిలర్లోంచి తీసిన నల్ల బూడిద గుట్టలు గాలికి లేచి ఊరి మీద పడుతుంటాయి. ఊకను కాలిస్తే అయిదో వంతు బూడిద మిగులుతుంది. బొగ్గు పూర్తిగా కాలిపోతే ఆ బూడిదలో సుమారు తొంభై శాతం సిలికానే. అంటే రాయిని నూరకుండానే పిండిలా దొరికే పలుగు. జపాన్‌లో మషికో ఊరి కుమ్మరులు ఇదే బూడిదతో పాల తెలుపు గ్లేజు చేస్తారు, నుకా అంటారు. 1924లో ఆ ఊళ్ళో స్థిరపడిన షోజి హమాడా చేతిలో అది ప్రపంచానికి తెలిసింది. మన దేశంలో స్టూడియో పాటరీకి, అంటే ఫ్యాక్టరీలో కాకుండా సొంత వర్క్‌షాపులో చేత్తో చేసే కుండల పనికి, పెద్దదిక్కైన గురుచరణ్ సింగ్ కూడా 1919లో జపాన్ వెళ్ళి చదువుకున్నవారే. ఆ రోజుల్లోనే హమాడాతో, ఇంగ్లీషు కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో పరిచయమైంది, 1952లో ఢిల్లీలో తన పాటరీ పెట్టారు. మనకు దగ్గర్లో పాండిచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టి ఎందరినో తయారుచేశారు. మాస్టారు ఈ పేర్లన్నీ గౌరవంగా చెప్పేవారు గానీ, వాళ్ళ కుండలను కాపీ కొట్టనిచ్చేవారు కాదు. "జపానోడికి వడ్లుండాయి, మనకీ వడ్లుండాయి. మనూరి బూడిదతో మన జాడీ చేసుకుందాం" అనేవారు.

నా నోట్సులో రాసుకున్నది ఇంతే: ఫెల్డ్‌స్పార్ 40, సరుగుడు బూడిద 30, ఊక బూడిద 30. కోన్ (బట్టీ వేడిని చూపే మట్టి శంకువు) తొమ్మిది, అంటే సుమారు 1,280 డిగ్రీలు.

మొదటి కాల్పు

అరవై కప్పులు చేశాను. మట్టి మామూలుగా నేను వాడేదే. బాల్ క్లే, ఫైర్ క్లే, చైనా క్లే, పలుగు, ఫెల్డ్‌స్పార్ కలిపింది. పెన్న ఒడ్డు కుండల మట్టి ఈ వేడికి ఆగదు, కరిగి బట్టీలోని షెల్ఫ్ మీద పరుచుకుంటుంది. ఊక బూడిద తెలిసిన మిల్లు నుంచి తెచ్చాను. సరుగుడు బూడిద ఒక టీ కొట్టు పొయ్యిలోంచి. జల్లెడ పట్టి, కలిపి, ముంచి, కాల్చాను.

బట్టీ తెరిచేసరికి కప్పులు తెల్లగా లేవు. లేత పచ్చగా, అద్దంలా, కింద మట్టి రంగు కనిపించేంత పారదర్శకంగా ఉన్నాయి. అందంగానే ఉన్నాయి, అబద్ధమెందుకు. కానీ షెల్ఫుల మీంచి దించుతుంటే టింగ్, టింగ్ అని మొదలైంది. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఆ చప్పుడంటే టెన్షన్. గ్లేజు మీద వెంట్రుక పగుళ్ళు పడుతున్న శబ్దమది, క్రేజింగ్. ఆ రాత్రి ఇంట్లో కూర్చున్నా వర్క్‌షాపు నుంచి వినిపిస్తున్నట్టే ఉంది. మూడు రోజులు ఒక కప్పులో టీ తాగితే పగుళ్ళలో టీ రంగు దిగి సాలెగూడులా తేలింది.

ఎందుకు పగులుతుందో పుస్తకంలో ఉండే సంగతే, మాస్టారి గాజు ముక్కల పాఠం కూడా అదే. చల్లారేటప్పుడు గ్లేజు మట్టి కంటే ఎక్కువ ముడుచుకుంటే, చిన్నదైపోయిన చొక్కాలా ఒంటి మీద పిగులుతుంది. తక్కువ ముడుచుకుంటే మట్టిని బిగించి పట్టుకొని బలంగా ఉంటుంది. మరీ తక్కువైతే అంచుల దగ్గర పెచ్చులూడుతుంది. గ్లేజులో సోడా, పొటాష్ పెరిగితే ముడత పెరుగుతుంది. సిలికా పెరిగితే తగ్గుతుంది.

ఇదంతా తెలిసి కూడా నేను చేసిన మొదటి పని, వేడి చాల్లేదనుకొని పదిహేను డిగ్రీలు పెంచి మళ్ళీ కాల్చడం. గ్లేజు జారి ఆరు కప్పులు షెల్ఫ్‌కు అతుక్కుపోయాయి. ఉలి పెట్టి కొడితే కప్పుతోపాటు షెల్ఫ్ కూడా విరిగింది. రెండో పని, పుస్తకం చెప్పినట్టు పలుగుపిండి అయిదు పాళ్ళు కలపడం. పగుళ్ళు తగ్గాయి, పోలేదు. తెలుపు మాత్రం రాలేదు. అప్పటికి నెలా పదిహేను రోజులు గడిచాయి. ఒంగోలు అబ్బాయికి ఫోన్ చేసి గడువు అడిగాను. పాపం ఏమీ అనలేదు. "జాడీ జాగర్తక్కా, నాయనమ్మ రోజూ అడుగుతోంది" అన్నాడు.

పెంకుల పలక

మాస్టారి ఇంటికి ఎప్పుడో వెళ్ళాల్సింది. ఆయన పోయాక అటు వెళ్ళాలంటే మొహం చెల్లేది కాదు. ఆయన పోయిన రెండేళ్ళకు, 2021 నవంబరులో, పెన్నకు వరదొచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, కోవూరు దగ్గర హైవే తెగిన వరద అది. షెడ్డులోకి నడుమెత్తు నీళ్ళొచ్చాయని అప్పుడే విన్నాను. అంతా పోయుంటుందనుకున్నాను.

మాస్టారి భార్యను మేమంతా పెద్దమ్మా అనే పిలిచేవాళ్ళం. కాఫీ ఇచ్చి, మూడు నోటుబుక్కులు తెచ్చి ముందు పెట్టింది. పేజీలు ఒకదానికొకటి అతుక్కొని అట్టలయ్యాయి. సిరా మొత్తం నీలం మరకలు. తెల్ల గ్లేజు పేజీలో అంకెలు ఎలాగో చదవగలిగాను, నా నోట్సులోవే. పక్కన సగం కొట్టుకుపోయిన ఒక మాట: "మూడు నీ". తర్వాతది మరక.

"టెస్టు పెంకులు కూడా పోయాయా పెద్దమ్మా?"

"అయ్యెందుకు పోతాయి అమ్మణ్ణీ? కాల్చిన పెంకులు గదా. బురద కడిగి ఆడనే పెట్టించా. రమ్మంటే ఎవురొచ్చారని?"

షెడ్డు గోడకు ఆనించి ఎనిమిది చెక్క పలకలున్నాయి. మేకులకు తగిలించిన పెంకులు, ఒక్కోటి అగ్గిపెట్టంత. చెక్క ఉబ్బి పుచ్చిపోయింది గానీ పెంకులు నిన్న బట్టీలోంచి తీసినట్టున్నాయి. వెనక ఐరన్ ఆక్సైడ్‌తో రాసి కాల్చిన నంబర్లు, ఒక్క గీత చెరగలేదు. వీటిని నా చేత్తో ఎన్నిసార్లు దులిపానో. ఎందుకున్నాయని ఒక్కసారీ అడగలేదు. మాకు అవి ఫెయిలైన రంగులు, అంతే.

మూడో పలకలో దొరికింది. పైవరసలో పదకొండు పెంకులు. ఫెల్డ్‌స్పార్ నలభై, సరుగుడు బూడిద ముప్పై మార్చకుండా ఉంచి, ఊక బూడిదను సున్నా నుంచి అయిదేసి చొప్పున యాభై దాకా పెంచుకుంటూ పోయారు. సున్నా దగ్గర పచ్చటి అద్దం. ఇరవై దాకా అంతే. ఇరవై అయిదు దగ్గర మబ్బు పట్టినట్టవుతుంది. ముప్పై దగ్గర పాలు. నలభై దాటాక గరుకు, యాభై దగ్గర సరిగ్గా కరగని సున్నంలా ఉంది.

బ్యాగులోంచి నా కప్పు తీసి ఒక్కో పెంకు పక్కనే పెట్టి చూశాను. ముప్పై పక్కన కాదు, ఇరవై పక్కన అతికినట్టు సరిపోయింది. అంటే నేను తూచి వేసిన ముప్పై, బట్టీలో ఇరవైగా పనిచేసింది. మిగతా పది పాళ్ళు ఎటు పోయాయి?

అడగ్గానే జవాబు కూడా తట్టింది. నా బూడిద నల్లగా ఉంది కదా.

వర్క్‌షాపుకు వచ్చి వంద గ్రాముల మిల్లు బూడిదను తూచి పెంకు పళ్ళెంలో పలచగా పరిచి, కరెంటు బట్టీలో రాత్రంతా ఉంచాను. పొద్దున డెబ్బై ఒక్క గ్రాములు మిగిలింది, లేత బూడిద రంగులో, ముట్టుకుంటే ముఖానికి రాసుకునే పౌడర్‌లా. ఇరవై తొమ్మిది గ్రాములు వట్టి బొగ్గు. ముప్పై పాళ్ళలో డెబ్బై ఒక్క శాతమంటే ఇరవై ఒకటి పైచిలుకు. మాస్టారి పెంకు చెప్పిన లెక్కే. మాస్టారి నోట్సులో బూడిద అంటే కాల్చి తెల్లగా చేసిన బూడిద. ఆయన దృష్టిలో నల్లది ఇంకా బూడిద కాలేదు, అందుకే రాయాలని కూడా అనుకొని ఉండరు.

తెలుపు ఎందుకు పోయిందో కూడా ఇక్కడే తేలింది. సిలికా ఒక మోతాదు దాటితే కరిగిన గ్లేజు ఒకటిగా ఉండదు. ఒక గాజులో ఇంకో గాజు సన్నటి బొట్లుగా విడిపోతుంది. నీళ్ళలో వెన్న బొట్లు తేలి పాలు తెల్లగా కనిపించినట్టే, ఈ బొట్ల మీద వెలుతురు చెదిరి గ్లేజు తెల్లబడుతుంది. మోతాదు తగ్గితే బొట్లు లేవు, అద్దమే. సిలికా తగ్గింది కాబట్టి ముడత పెరిగింది, పగుళ్ళూ అందుకే. రెండు జబ్బులకూ కారణం ఒకటే అనుకొని సంబరపడ్డాను.

ఒకటే కాదు. కాల్చిన బూడిదతో చేసిన తర్వాతి కప్పులు తెల్లగా వచ్చాయి గానీ, వారం తర్వాత పన్నెండింటిలో నాలుగింటికి వెంట్రుక పగుళ్ళు పడ్డాయి.

మూడు నీళ్ళు

మళ్ళీ పలక దగ్గరికే వెళ్ళాను. కింది వరసలో మూడు పెంకులున్నాయి. వెనక నంబరుతోపాటు అల లాంటి గీతలు. ఒకదానికి గీత లేదు, ఒకదానికి ఒకటి, ఇంకొకదానికి మూడు. గీత లేనిది నిండా పగుళ్ళే. మూడు గీతలది నున్నగా ఉంది. "మూడు నీ" అంటే మూడు నీళ్ళు. సరుగుడు బూడిదను నీళ్ళలో కలిపి, తేరనిచ్చి, పైనీళ్ళు వంపెయ్యాలి, అలా మూడుసార్లు. బూడిదలో నీళ్ళకు కరిగిపోయే పొటాష్ ఉంటుంది. కడగకపోతే అదంతా గ్లేజులోకి వెళ్ళి ముడత పెంచుతుంది. పైగా నీళ్ళలో తిరిగి, ఆరేటప్పుడు కప్పు అంచులకు చేరుతుంది. నా నాలుగు కప్పులూ పగిలింది అంచు దగ్గరే.

నిజానికి నా చేతులు ముందే చెప్పాయి. ఆ గ్లేజు కలిపిన రోజల్లా వేళ్ళు మండి, చివర్లు సబ్బునీళ్ళలో నానినట్టు జిగటయ్యాయి. అది బూడిదలోని క్షారం. పాత్రలు తోమే బూడిదే కదా అని గ్లవ్స్ వేసుకోలేదు. మీరు వేసుకోండి. ఊక బూడిద పొడిగా ఉన్నప్పుడు మాస్క్ తప్పనిసరి. ఎక్కువ వేడికి కాలిన సిలికా ధూళి ఊపిరితిత్తులకు చేసే హాని మళ్ళీ బాగయ్యేది కాదు. ఇంకో జాగ్రత్త: ఊక బూడిదను ఒక్కసారిగా పెద్ద వేడికి తీసుకెళితే, అందులోని పొటాష్ కరిగి బొగ్గు చుట్టూ గాజు పొర కట్టేస్తుంది, ఆ తర్వాత ఎంత కాల్చినా నలుపు పోదు. ఆరొందల యాభై దగ్గర, పలచటి పొరగా, తీరిగ్గా కాల్చాలి. మొదట తొందరపడి ఒక పళ్ళెం ఇలాగే పాడుచేశాను.

ఫలితాలు

కాల్చిన ఊక బూడిద, మూడు నీళ్ళు కడిగి ఆరబెట్టి తూచిన సరుగుడు బూడిద. పాళ్ళు అవే, నలభై, ముప్పై, ముప్పై. పై వేడిలో గంటసేపు నిలిపాను. ఆరు కప్పులు పరీక్షకు పెట్టాను. ఓవెన్‌లో 120 డిగ్రీలకు వేడి చేసి చన్నీళ్ళలో వెయ్యడం, పగలకపోతే పది డిగ్రీలు పెంచి మళ్ళీ వెయ్యడం. 170 దాకా ఆరూ నిలిచాయి, 180 దగ్గర ఒకటి పగిలింది. నాకది చాలు. నిమ్మచెక్క రాత్రంతా పెడితే గ్లేజు రంగు మారలేదు, మెరుపు తగ్గలేదు.

దీని పక్కన మాస్టారి పరీక్ష ఇంకోటుంది. మామిడికాయ వేసిన చేపల పులుసు ఒక రాత్రి ఉంచి, పొద్దున కడిగి వాసన చూడటం. పగులున్న గ్లేజులో ఆ వాసన వారమైనా పోదు. మా ఇంట్లో పులుసు ఎలాగూ మర్నాటికే రుచి కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కప్పు పాసైంది.

రెండొందల నలభై కప్పుల్లో రెండొందల ఇరవై ఆరు ఇచ్చాను. మిగతావి వంకరపోయాయి, వాటి డబ్బు తగ్గించుకున్నాను. మొదటి అరవై కప్పులు, షెల్ఫ్, గ్యాస్ అన్నీ లెక్కేస్తే ఈ ఆర్డర్‌లో నాకు మిగిలింది దాదాపు ఏమీ లేదు.

నీలం మాత్రం రాలేదు. జాడీ భుజం మీద వెలుతురులో కనిపించే ఆ లేత నీలం నా కప్పుల మీద లేదు, వెన్న రంగు వచ్చింది. మాస్టారు సరుగుడు కట్టెలతో, పొగ నింపి కాల్చేవారు. ఆ పొగలో ప్రాణవాయువు తక్కువై, రవ్వంత ఇనుము కూడా నీలం వైపు వెళ్తుంది. నా గ్యాస్ బట్టీలో గాలి ధారాళంగా ఇచ్చాను. తేడా అక్కడే ఉందని నా అనుమానం. కొత్తగా పదకొండు పెంకులు కాల్చి పెట్టుకున్నాను, ఈసారి పొగలో వెయ్యాలి. నంబర్లు ఐరన్ ఆక్సైడ్‌తోనే రాశాను. మాస్టారి పలకలు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి, చెక్కలు మార్పించాను. నా దగ్గర నేర్చుకునే ముగ్గురు పిల్లలకూ వాటిని తీసి, చూసి, మళ్ళీ అదే మేకుకు తగిలించడమే మొదటి నెల పని. కళ్ళద్దాల పాఠం కూడా చెప్పాను. ఒకమ్మాయి ఫొటో తీసుకుంది.

జాడీ ఇవ్వడానికి ఒంగోలు నేనే వెళ్ళాను. నాయనమ్మ లోపలా బయటా తడిమి చూసుకొని, "మూత చేస్తావా అమ్మా? పగిలి ఇరవై ఏళ్ళయింది, గుడ్డ కడుతుండా" అంది. మూతి లోపలి కొలత తొమ్మిది సెంటీమీటర్లు. నా మట్టి ఎండి కాలేసరికి నూటికి పన్నెండు ముడుచుకుంటుంది, కాబట్టి పచ్చి మీద పది పాయింట్ రెండు ఉండాలి. గ్లేజు మందం మర్చిపోయి చేసిన మొదటి మూత దిగలేదు. రెండోది సరిగ్గా కూర్చుంది. రంగు మాత్రం జాడీదొకటి, మూతదొకటి.